నీళ్ల కింది గడప

రాత్రి పదిన్నరకు కొండారెడ్డి బురుజు దగ్గర జనం పలచబడ్డారు. పగలంతా ఆటోల మోతతో, తోపుడుబండ్ల వాళ్ల కేకలతో కిటకిటలాడే కూడలిలో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్న చప్పుడు. మే నెల. పగలు తాగిన ఎండను రాళ్లు ఇంకా కక్కుతూనే ఉన్నాయి. గోడకు చెయ్యి ఆనిస్తే అప్పుడే పొయ్యి మీంచి దించిన పెంకులా చురుక్కుమంది. మా మామ తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని బురుజు వైపు తలెత్తి చూశాడు.

"ఈడ్నించి మొదలుపెడదాం పాపా. కర్నూలు దయ్యాలకు పెద్దదిక్కు ఈయనే."

పాప అంటే మా అక్క కూతురు. ఎడింబరోలో చదువుకుంటోంది. అక్కడ చీకటి పడ్డాక నల్లటి అంగీ తొడుక్కున్న మనిషి ముందు నడుస్తుంటే, డబ్బు కట్టిన యాత్రికులు వెనకాలే పాత వీధుల్లో దయ్యాల కథలు వింటూ తిరుగుతారట. ఇంగ్లండులోని యార్కు నగరంలో 1973 నుంచే ఇట్లాంటి నడక ఉందట. ఎడింబరోలో మేరీ కింగ్స్ క్లోజ్ అని ఒక సందు. 1645లో ప్లేగు వచ్చినప్పుడు అక్కడివాళ్లు చాలామంది పోయారు. తర్వాత నూరేళ్లకు ఆ సందు నెత్తిమీదే పెద్ద భవనం కట్టారు. కింద ఇళ్లు ఇళ్లలాగే ఉండిపోయాయి. ఇప్పుడు జనం మెట్లు దిగి ఆ ఇళ్లలోకి పోయి చూసి వస్తారు. ఒక గదిలో చిన్నపిల్ల ఆత్మ తిరుగుతోందని ఎవరో చెప్పినప్పటి నుంచి, చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆ పిల్ల కోసం బొమ్మలు వదిలి వస్తున్నారు.

"భయం వేయలేదు పిన్నీ. ఆ బొమ్మల కుప్ప చూస్తే ఏడుపొచ్చింది. మన దగ్గర ఇట్లా నడిపించేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది, సెలవులకు వచ్చిన మొదటి రోజే.

టికెట్టు కొని పోయే నడక నాకు తెలిసి లేదు. నడిపించే మనిషి మాత్రం మా ఇంట్లోనే ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు. డెబ్బై దాటాయి. నందికొట్కూరులో చెనిక్కాయల మిల్లు గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాడు. సరుకు లారీల వెంట అర్ధరాత్రులు కర్నూలు చేరి, కాటా తెరిచేదాకా ఈ వీధుల్లోనే పొద్దు గడిపినవాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"కర్నూల్లో మొదలుపెట్టినా నడక ఆడ ఆగదు. తెల్లారేసరికి నేను చెప్పిన చోటికి రావాల."

ఎక్కడికో చెప్పలేదు. నాకు తెలుసు. పాపకు తెలియదు.

బురుజు కట్టింది విజయనగర రాజుల కాలంలో, అచ్యుతదేవరాయలు ఏలుతున్న 16వ శతాబ్దంలో. కొండారెడ్డి ఆ తర్వాతి వాడు. అలంపురం ప్రాంతపు పాలకుడని, 17వ శతాబ్దంలో కర్నూలు నవాబులు ఆయన్ని పట్టి తెచ్చి ఈ బురుజులో పెట్టారని చెబుతారు. కథకు ముగింపులు రెండు. బురుజు అడుగు నుంచి తుంగభద్ర కిందుగా అలంపురానికి సొరంగం ఉందని, ఆయన దాంట్లోంచి తప్పించుకున్నాడని ఒకటి. ఇక్కడే ప్రాణం విడిచాడని ఇంకొకటి.

"మా అమ్మ రెండోదే నమ్మేది" అన్నాడు మామ. "సొరంగం గురించి ఎవరన్నా ఎత్తితే ఒప్పుకునేది కాదు. తప్పించుకున్నోడు అలంపురం పోయి మళ్లా రాజ్యం ఏలుకుంటాడు గదా, ఊరోళ్లు ఈ రాళ్లకు ఆయన పేరెందుకు పెడతారు అనేది."

ఆ మాట దగ్గర పాప నిలబడిపోయింది. నేనూ అంతకుముందు అట్లా ఆలోచించలేదు. బురుజు కట్టించిన రాజు పేరు జనం నోట్లో లేదు. దాన్ని గెలుచుకున్నవాళ్ల పేరూ లేదు. లోపల మగ్గినవాడి పేరు ఉంది. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమా తర్వాత ఈ బురుజు తెలియని తెలుగువాడు లేడు. రోజూ వందల మంది దీని ముందు ఫోటోలు దిగుతారు. కానీ ఊరు దీన్ని పిలిచే ప్రతిసారీ ఒక ఖైదీని పేరుపెట్టి పిలుస్తోంది.

అక్కణ్నించి పాతబస్తీలోకి దిగాం. పగలు బంగారం దుకాణాలతో మెరిసే షరాఫ్ బజారులో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. పూలబజారులో రోజంతా నలిగిన మల్లెల వాసన, మురుగుకాలవ వాసన ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. సందులు ఇరుకు. కొన్ని ఇళ్లకు ఇంకా నాపరాళ్ల అరుగులున్నాయి. కరెంటు లేని గదుల్లో ఉక్కకు ఆగలేక మంచాలు బయట వేసుకున్నారు. ఒకచోట ముసలామె ఒకరు పడుకోకుండా మంచం మీద కూర్చుని తాటాకు విసనకర్రతో మనవడికి విసురుతోంది. ఇంత రాత్రి ఆడపిల్లల్ని వెంటేసుకుని ఏం చేస్తున్నావని మామను అడిగింది. దయ్యాల కథలు చెబుతున్నానన్నాడు.

"దయ్యాలు ఏం చేస్తాయి బేటీ, నీళ్లు చేసినంత?" అంది పాప వైపు తిరిగి.

2009 అక్టోబరు 2. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగి ఈ వీధుల మీద పడ్డాయి. కింది ఇళ్లు మునిగితే జనం మేడల మీదికి ఎక్కారు. మేడలు లేనివాళ్లు మేడలున్నవాళ్ల దగ్గరికి చేరారు. రెండు రోజులు ఎవరి మతం ఏదో, ఎవరి కులం ఏదో అడగలేదని ముసలామె చెప్పింది. నీళ్లు తీశాక కిందికి దిగి చూస్తే ఇంటినిండా మోకాలెత్తు బురద. ఆ బురదలోంచి ఆమె తన నిఖా కాగితం వెతికి తీసింది. అక్షరాలు కరిగిపోయాయి. కాగితం మాత్రం ఇప్పటికీ పెట్టెలో ఉందట.

"దాన్ని ఎందుకు దాచుకున్నారు?" అని పాప అడిగింది.

"పారేస్తే ఎక్కడికి పోతాది?" అంది ఆమె.

నేను ఆ గోడ మీద నీటి గీత కోసం వెతికాను. సున్నం మీద సున్నం పడి కనిపించడం లేదు.

తర్వాత మామ చూపించిన చోటు చూడ్డానికేమీ లేదు. కోట గోడ ఇటు పోయేదని, ఇక్కడ ద్వారం ఉండేదని చేత్తో గాలిలో గీసి చూపించాడు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. 1839లో ఇంగ్లీషు కంపెనీవాళ్లకు ఆయన మీద అనుమానం వచ్చింది. కోటలోకి వచ్చి చూస్తే, లెక్కకు మించిన ఫిరంగులు, గుండ్లు బయటపడ్డాయి. జొహరాపురం దగ్గర చిన్న యుద్ధం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ చేతిలోకి పోయింది. కోటగోడలు తర్వాతి రోజుల్లో చాలావరకు పడగొట్టేశారు. హంద్రీ ఒడ్డున మొదటి నవాబు అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ మాత్రం తన గుమ్మటాలతో నిలబడే ఉంది. మొదటివాడికి సొంత ఊళ్లో అంత పెద్ద గోరీ దక్కింది. చివరివాడు పరాయి ఊళ్లో పోయాడు.

అర్ధరాత్రి దాటాక తుంగభద్ర ఒడ్డుకు చేరాం. ఎండాకాలపు నది, పాయలు పాయలుగా చీలి బండల మధ్య మడుగులు కట్టి ఉంది. అవతలి చీకట్లో అలంపురం దిక్కు. బాదామి చాళుక్యులు ఏడెనిమిది శతాబ్దాల్లో అక్కడ నవబ్రహ్మ ఆలయాలు కట్టారు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసుకెళ్లే బండ్లు నది దాటేముందు ఈ ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవట. కందెన వేసే చోటు కందెనవోలు అయింది. కందెనవోలు నోళ్లలో నలిగి కర్నూలైంది. రాజుల పేర్ల మీద, దేవుళ్ల పేర్ల మీద వెలిసిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఇరుసు కీచుమనకుండా పూసిన జిడ్డు మీద పేరు పొందిన ఊరు ఇదొక్కటే నాకు తెలుసు. బండ్లు తోలినవాళ్లలో ఒక్కడి పేరూ ఏ శాసనంలోనూ నాకు కనబడలేదు. ఊరి పేరే వాళ్లకు మిగిలిన గుర్తు.

పాప చాలాసేపు నీళ్ల వైపు చూసి, "ఇక్కడొక రాజధాని కూడా ఉండేది కదా తాతా" అంది.

ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే కర్నూలు రాజధాని. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. భవనాలు చాలక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. 1956 నవంబరులో అన్నీ సర్దుకుని హైదరాబాదు పోయారు. మామ అప్పుడు పసివాడు. వాళ్ల నాయన ఒకసారి ఏదో అర్జీ పట్టుకుని నది దాటి, బండెక్కి, ఆ గుడారాల దాకా వచ్చి వెళ్లాడట. ఏం అర్జీ అని నేనడిగాను. "ఊరికి దోవ కావాలని" అన్నాడు మామ. "దోవ మంజూరైంది. వేసేలోపు రాజధాని పోయింది. ఆ తర్వాత ఊరే పోయింది."

ఆ మాటతో మా నడక కర్నూలును వదిలింది.

ఒంటిగంటకు నందికొట్కూరు రోడ్డెక్కాం. కారు నేను నడుపుతున్నాను. ముప్పై కిలోమీటర్లు. ఊరి దగ్గర కర్నూలు-కడప కాలువ గట్టున కారాపితే, అక్కడ లారీల కోసం తెరిచి ఉంచిన టీ బంకులో స్టవ్వు బుసకొడుతోంది. చిన్నప్పుడు చీకటి పడ్డాక ఈ గట్టు మీదికి రానిచ్చేవాళ్లు కాదు. ఇక్కడి చింతచెట్ల కింద తెల్లచీర తిరుగుతుందనేవాళ్లు. 1990లలో ఒక ఏడాది మా వీధిలో ప్రతి తలుపు మీదా బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. కర్ణాటక వైపు నుంచి వచ్చింది ఆ పుకారు. రాత్రిపూట ఒక ఆడమనిషి దయ్యమై వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి వెనక్కి పోతుందని, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదివి పోతుందని. మా తలుపు మీద నా చేత్తోనే రాశాను. అక్షరాలు బాగా వస్తాయని నన్ను రాయమన్నారు.

పాప అడిగిన ప్రశ్న ఇక్కడే. "కర్నూల్లో దయ్యాలంతా రాజులు, రెడ్లు, నవాబులు. మామూలు మనుషులు దయ్యాలు కారా?"

మామ టీగ్లాసు కింద పెట్టాడు. "అవుతారు. పల్లెల్లో దయ్యాలంతా ఆడోళ్లే గదా. పురిట్లో పోయినామె, బాయిలో పడిన కోడలు, పుట్టింటికి పోతా దోవలో పోయినామె. ఫలానా ఇంట్లో ఏం జరిగిందో ఊరంతా ఎరుకే. పంచాయితీలో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని బాయికాడ తెల్లచీర కనపడిందంటారు."

నేను ఆ బొగ్గు అక్షరాల గురించి ఇన్నేళ్లలో ఒకసారి కూడా అట్లా తలచుకోలేదు. అన్యాయంగా చచ్చిపోయిన ఆడమనిషి తలుపు కొడితే రేపు రమ్మని రాసి పెట్టాం, పదేళ్ల పిల్లచేత రాయించాం. ఆమె ఎందుకొచ్చిందని ఎవరమూ అడగలేదు.

ఈ కాలువకూ చచ్చినవాళ్లున్నారు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, కడప దాకా మూడువందల కిలోమీటర్లు నీళ్లు పారించాలని, పడవలు కూడా నడపాలని. లాభం రాక 1882లో సర్కారుకు అమ్మేసింది. మధ్యలో 1876 నుంచి 78 దాకా ధాత కరువు. పక్కన కాలువ ఉండగానే కర్నూలు జిల్లా జనం మాడిపోయారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లాలో దాదాపు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. కొందరు వలస పోయి ఉంటారు. మిగతావాళ్లు గంజి కోసం నడుస్తూ నడుస్తూ దోవల పక్కన పడిపోయారు. అంతమంది మీద ఒక్క దయ్యం కథ కూడా మా ఊళ్లో నేను వినలేదు. మామ కూడా వినలేదన్నాడు. ఒకరిద్దరు పోతే ఊరు కథ చెప్పుకుంటుంది. అంతమంది పోయినప్పుడు ఎవరి కథ ఎవరు చెప్పాలి?

ఆ కరువు రోజుల్లో కోయిలకుంట్ల మీదుగా నడిచినవాళ్లకు దోవలో ఒక తల కనిపించి ఉంటుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తల. తాతల కాలం నుంచి వస్తున్న భత్యం విషయంలో జరిగిన అవమానం, పల్లెల్లో రైతులకు పోతున్న భూములు, అన్నీ కలిసి 1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కొన్ని నెలలు నల్లమల అడవుల్లో, కొండల్లో పోరాడి అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కిందికి దించలేదు. చూసినవాళ్లు భయపడాలని 1877 దాకా, ముప్పై ఏళ్లు, అట్లాగే వేలాడనిచ్చారు. ఉరితీసిన రోజు పుట్టిన పిల్లలు ఆ తల కింది నుంచే బడికి, పొలానికి, పెళ్లికి పోయి ఉంటారు. దయ్యం కథ అవసరం లేని చోటు అది. ఆ ముప్పై ఏళ్లలో జనం భయపడటం మాని పాట కట్టుకున్నారు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, నంద్యాల పల్లెల్లో ఆయన పాట పాడించుకున్నవాళ్లు మా తాతల తరంలో ఎందరో.

"కోయిలకుంట్లకు ఇంకో రాత్రి పోదాం" అన్నాడు మామ. "ఇప్పుడు లేట్ అవుతాది. పొద్దు పొడిచే ముందే నీళ్ల కాడ ఉండాల."

కొత్తపల్లి వైపు రోడ్డు మీద రెండు గంటల చీకటి. ఒకచోట నక్క అడ్డం వచ్చింది. ఆ దోవలో మామ 1981 గురించి చెప్పాడు. పాపకు చెబుతున్నట్టే చెప్పాడు గానీ, అద్దంలో చూస్తే ఆయన కిటికీ అవతలికే చూస్తున్నాడు.

శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. నీళ్లు నిలిచేది ఎప్పుడో, ఎంతదాకా వస్తాయో పల్లెల్లో చాలామందికి నమ్మకం కుదరలేదు. పద్దెనిమిదేళ్లు అట్లాగే గడిచాయి. 1981 ఎండాకాలం చివర్లో, వానలు పడకముందే ఖాళీ చేయమన్నారు. సుమారు వంద ఊళ్లు, లక్షమంది మనుషులు, కృష్ణకు ఇటూ అటూ. మామకు అప్పుడు ఇరవై ఆరు. వచ్చినవాళ్లు ఇళ్లు కూలుస్తారని తెలిసి ఊరివాళ్లే ముందు తమ మిద్దెలు తాము విప్పుకున్నారు. విప్పితే దూలాలు, దంతెలు, తలుపులు, గవాచి చట్రాలు దక్కుతాయి. కూలిస్తే అవీ పోతాయి.

"మా నాయన కట్టిన మిద్దె. మట్టి ఎత్తి పోస్తాంటే లోపల వెలుతురు పడింది. ఆ ఇంట్లోకి అంత ఎండ నేనెప్పుడూ సూల్లేదు. గోడ మీద పిల్లప్పుడు నేను గీసిన బండి బొమ్మ ఉండాది. అప్పటిదాకా ఆడ ఉందని కూడా మర్చిపోయినా."

అన్నీ రెండు బండ్లకెత్తారు. ఎత్తలేనిది గడపరాయి ఒకటే. నిలువెత్తు పొడవు నల్లబండ. నలుగురు గునపాలు వేసినా కదల్లేదు. మామ వాళ్లమ్మ, మా జేజి, వాళ్లను ఆపేసి, బిందెతో నీళ్లు పోసి కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి బండెక్కింది. నీళ్లొచ్చేసరికి గడప బోడిగా ఉండకూడదంది.

ఆ తర్వాత జేజి నందికొట్కూరులో పందొమ్మిదేళ్లు బతికింది. రాత్రిపూట ఎవరన్నా పేరుపెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని మాకు నేర్పింది ఆమే. కానీ తను మాత్రం మొదటి పిలుపుకే లేచి కూర్చుని "ఆఁ వస్తాండా" అనేది. వీధిలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఎవరు పిలిచారని అడిగితే మన ఊరోళ్లని చెప్పేది. మేము గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించాం. అది కట్టించడానికి పిల్లనైన నేనూ వెంట పోయాను. ఆ తాయెత్తు తలపుకొస్తే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ముందురోజు సాయంత్రం మేము కర్నూలు పక్కన జగన్నాథగట్టు ఎక్కి వచ్చాం. మునిగిపోయే ప్రాంతం నుంచి తెచ్చి నిలబెట్టిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇట్లాగే అలంపురంలో నిలబెట్టారు. విప్పిన రాయికల్లా గుర్తు వేసి, మోసుకొచ్చి, మళ్లీ ఏ రాయి చోట ఆ రాయిని పేర్చే పని అది. ఎంతో ఓర్పుగా చేశారు. చేసినవాళ్లకు దండం పెట్టాలి. గుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు పాప ఆ విషయం మెచ్చుకుంటే మామ ఏమీ అనలేదు. ఇప్పుడు కారులో అన్నాడు.

"మా ఇంటికీ నంబరేసినారు పాపా. తలుపు మీద, సున్నంతో. నష్టపరిహారం లెక్కకు. రాయికో నంబరు వేసుంటే నేనూ యాడో ఒకచోట పేర్చుకునేవాణ్ని."

భూములు పోయినవాళ్ల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ నంబరు ఈ ప్రాంతంలో చదువు రాని వాళ్లకు కూడా కంఠతా వచ్చు. అర్జీ పెట్టినవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల పిల్లలకు వయసు దాటింది. 'జీవో 98 వాళ్లు' అనేది ఒక కులం పేరులా మిగిలిపోయింది.

నాలుగున్నరకు సంగమేశ్వరం ఒడ్డున దిగాం. ఏడు నదులు కలిసే చోటని పేరు. ఏడాదిలో ఎక్కువ నెలలు జలాశయం కిందే ఉండే గుడి ఎండాకాలంలో మాత్రం బయటపడుతుంది. లోపల వేపదారు శివలింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడంటారు. నెలల తరబడి నీళ్లలో నానినా ఆ కొయ్య చివకలేదు. నీళ్లు తగ్గగానే బురద ఎత్తి, కడిగి, పూజ మొదలుపెడతారు. మళ్లీ నీళ్లు గర్భగుడిలోకి వచ్చే రోజు ఆఖరి హారతి ఇచ్చి బయటికి వస్తారు. దేవుడికి ఏటా ఒకసారి ఊరు మునుగుతుంది, ఏటా ఒకసారి తేలుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లు పోయినవాళ్లు ఆ గుడికి అంత ఇష్టంగా వచ్చేది అందుకేనని నాకనిపిస్తుంది.

మేము గుడి దగ్గర ఆగలేదు. తూర్పు తెల్లబడుతుండగా మామ పంచె పైకి కట్టి, నెర్రెలు విచ్చిన ఒండ్రు మీద నడవడం మొదలుపెట్టాడు. అడుగు వేస్తే పైపెచ్చు పెళుసుగా విరిగి కింద మెత్తగా దిగుతోంది. ఎండిన గుల్లలు, చేపల ముళ్లు, తెగిన వలముక్కలు. అక్కడక్కడ నల్లబడిన చింతమొద్దులు. అరగంట నడిచాక నేల తీరు మారింది. ఒండ్రులోంచి రాళ్లు వరసగా తలలు ఎత్తాయి. గోడల అడుగులు.

మామ గొంతు కూడా మారింది. కర్నూల్లో కథ చెప్పినప్పటి గొంతు కాదు.

"ఇది పెద్దబజారు. ఈడ రచ్చకట్ట. ఇటు రాబాకు పాపా, ఆడ బాయి ఉండేది, పూడిందో లేదో. ఇది పీర్ల చావిడి. ఈ గుంతలోనే గుండం తొక్కేది, మా నాయన కూడా తొక్కినాడు. ఆ మూల సుంకులమ్మ. అమ్మవారిని బండిలో తీసకపోయినాం, కట్ట ఇది. ఈ సందులోకి బండి పట్టేది కాదు. పెండ్లికూతురిని దింపి నడిపించేటోళ్లు."

పాప ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన ఎక్కడ అడుగు వేస్తే అక్కడే తనూ వేస్తూ వచ్చింది. గోడ ఉన్నచోట దాటలేదు, చుట్టూ తిరిగింది. లేని వాకిలి ఎదురైతే ఆయన వంగితే తనూ వంగింది. ఒకచోట సగం పూడిన రోలు కనిపిస్తే వేళ్లతో దాని కడుపులోని మట్టి తీసింది. నాకు ఎడింబరో బొమ్మల కుప్ప గుర్తొచ్చింది.

ఇంకో నలుగురైదుగురు మనుషులు దూరంగా అట్లాగే తిరుగుతున్నారు. ఒక ముసలాయన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎవరినీ పలకరించకుండా మామ వాళ్లవైపు చెయ్యి ఎత్తాడు. వాళ్లూ ఎత్తారు.

ఒక వరస రాళ్ల దగ్గర ఆగి, వంగి, చేతులతో ఒండ్రు పక్కకు తోయసాగాడు. ఆ చోటు వెతుక్కునే పనే లేదు ఆయనకు. నీళ్లు తగ్గిన ఏడల్లా వస్తాడు. నేనూ పాపా కూడా కూర్చుని తోశాం. బెత్తెడు లోతున నున్నటి నల్లబండ తగిలింది. మధ్యలో కొంచెం అరిగి పల్లంగా ఉంది.

మామ కారులోంచి తెచ్చిన సీసాలో నీళ్లు బండ మీద పోసి అరచేత్తో కడిగాడు. జేబులోంచి పొట్లం తీసి పాప చేతిలో పెట్టాడు.

"ఇది ఇంటి ఆడబిడ్డ చేసే పని. నేను చేసేది ఇన్నేండ్లూ."

పాప పొట్లం విప్పింది. పసుపు. ఎట్లా రాయాలన్నట్టు నా వైపు చూస్తే ఆ చివర నుంచి ఈ చివరకని చేత్తో చూపించాను. వేళ్లు పల్లంలోకి దిగినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ అరుగుదలను తడిమి, మళ్లీ రాసింది. తడిబండకు పసుపు వెంటనే పట్టుకుంది.

మామ చెప్పులు విడిచి, గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్లాడు.